ట్రాలీ నిండింది... షేరు తగ్గింది!

2025 జులై 4, శుక్రవారం. టాటాల రిటైల్ కంపెనీ ట్రెంట్ షేరు ఆ ఒక్క రోజే పది శాతానికి పైగా పడిపోయింది. కంపెనీ చెప్పిన కబురు చెడ్డదేం కాదు. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో అమ్మకాలు నిరుటి కంటే 20 శాతం పెరిగాయి, అంతే. సబ్బులు, బిస్కట్లు తయారుచేసే పెద్ద పెద్ద కంపెనీలు ఐదారు శాతం పెరుగుదల చూపించడానికే ఆపసోపాలు పడుతున్న రోజులవి. అలాంటి సమయంలో ఇరవై శాతం తెచ్చిన కంపెనీకి దక్కిన బహుమానం అది.

ఆ సాయంత్రం జూడియోలో మూడొందల లోపు టీషర్టు కోసం ట్రయల్ రూమ్ ముందు వరసలో నిలబడ్డ కుర్రాళ్లకు ఈ సంగతి తెలియదు. తెలిసినా వాళ్లకేం పని? జూడియో ట్రెంట్ వాళ్లదే. ధర ఎంతుంటుందో ముందే తెలిసిన బట్టలు, ఎక్కువ భాగం వెయ్యి లోపే. జేబు చూసుకుని లోపలికెళ్లినవాడు పరువుగా సంచీతో బయటికొస్తాడు. కొట్టులో సందడి ఏమాత్రం తగ్గలేదు.

దలాల్ స్ట్రీట్ లెక్క వేరు. అంతకుముందు ఐదేళ్లూ ఏటా సగటున 35 శాతం చొప్పున పెరుగుతూ వచ్చిన కంపెనీ ఇది. 2024 సెప్టెంబరు ఆఖర్లో నిఫ్టీ 50లో చోటు దక్కించుకుంది. మరో రెండు వారాలకు షేరు 8,300 దాటింది. ఆ ధరకు కొన్నవాళ్లు నిన్నటి 35 శాతానికి డబ్బు కట్టలేదు, రేపటి 35 శాతానికి కట్టారు. రేపు వచ్చింది, ఇరవైతో వచ్చింది.

గడ్డుకాలంలో ఒక దుకాణం కిటకిటలాడుతోందంటే దాని యజమానిది సుడి అనుకుంటాం. ఆ దుకాణంలో వాటా కొన్నవాడిది ఇంకా పెద్ద సుడి అనుకుంటాం. మొదటి మాట చాలాసార్లు నిజమే. రెండో మాట దగ్గరే మన చిన్న మదుపరులు ఏటా ఎంతోకొంత పోగొట్టుకుంటున్నారు.

ఒక మెట్టు కిందికి

2024 అక్టోబరు గుర్తుందా? చిల్లర ద్రవ్యోల్బణం 6.21 శాతానికి చేరింది. తిండి సరుకుల ధరలైతే 10.87 శాతం పెరిగాయి. కూరగాయల సంచీతో ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఈ అంకెలు చెప్పకుండానే తెలుసు. జులై-సెప్టెంబరు త్రైమాసికంలో దేశ ఆర్థిక వృద్ధి 5.4 శాతమే అని నవంబరు చివర్లో ప్రభుత్వం తొలి అంచనా వెలువరించింది. మ్యాగీ, నెస్కెఫే అమ్మే నెస్లే ఇండియాకు అప్పటి అధిపతి సురేశ్ నారాయణన్ మధ్యశ్రేణి వినియోగదారులు కుంచించుకుపోతున్నారన్న అర్థంలో మాట్లాడారు. ఆ మాట మీద టీవీ చానళ్లు చర్చించుకున్నాయి. ఖరీదైనవి కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు, నడుమనున్నవాళ్లే చేయి వెనక్కి తీసుకుంటున్నారన్నది సారాంశం.

చేయి వెనక్కి తీసుకోవడమంటే కొనడం మానేయడం కాదు. ఒక మెట్టు కిందికి దిగడం. పేరున్న చొక్కా బదులు జూడియో చొక్కా. వీధి చివర సూపర్‌మార్కెట్‌లో కొనే నూనె ప్యాకెట్ బదులు రెండు కిలోమీటర్లు వెళ్లి డీమార్ట్‌లో కొనే నూనె ప్యాకెట్. చవక కొట్టుకు ఇది పండగే. పాత గిరాకీ ఎటూ పోదు, పై మెట్టు నుంచి దిగినవాళ్లు కొత్తగా వచ్చి కలుస్తారు.

ఈ సిద్ధాంతానికి అమెరికా నుంచి అందరూ తెచ్చే సాక్ష్యం ఒకటుంది. 2008లో అక్కడి బ్యాంకులు కూలి, ఎస్ అండ్ పీ 500 సూచీ ఏడాది మొత్తం మీద 38 శాతం నష్టపోయింది. డౌజోన్స్ సూచీలోని ముప్పై షేర్లలో ఆ ఏడాది లాభంతో ముగించినవి రెండే రెండు: వాల్‌మార్ట్, మెక్‌డొనాల్డ్స్. చవక సరుకు, చవక తిండి. అప్పటి నుంచి మందగమనం అన్న మాట వినబడితే చాలు, చవక దుకాణాల షేర్లు కొనమని చెప్పడం సలహాదారులకు అలవాటైపోయింది.

కథ అక్కడ ఆపేస్తేనే సాక్ష్యం నిలుస్తుంది. 2009 మధ్య నుంచి రెండేళ్లకు పైగా అమెరికాలో వాల్‌మార్ట్ పాత దుకాణాల్లో అమ్మకాలు వరసగా తగ్గుతూ వచ్చాయి. కొత్తగా దిగివచ్చిన మారాజులను మెప్పించడానికి కంపెనీ అల్మరాలు సర్దింది, నడవలు ఖాళీ చేసింది, వేలాది రకాల సరుకులు తీసేసింది. కొట్టు అందంగా తయారైంది. తాము ఎప్పుడూ కొనే వస్తువు కనబడక పాత గిరాకీ డాలర్ దుకాణాల దారి పట్టింది. తర్వాత తీసేసిన సరుకులన్నీ బతిమాలి తెచ్చి మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది.

తెల్లచొక్కా మనిషి కట్టిన కొట్టు

మన దేశంలో ఈ చర్చ ఎక్కడ మొదలైనా డీమార్ట్ దగ్గరికి రాక తప్పదు. దుకాణం పెట్టిన మనిషే మదుపరి కావడం దానికి ఒక కారణం. రాధాకిషన్ దమానీ బొంబాయి స్టాక్ మార్కెట్‌లో పండిపోయిన మనిషి. హర్షద్ మెహతా షేర్లను ఆకాశానికి లేపుతున్న రోజుల్లో, అవి పడతాయని ఎదురుపందెం కాసిన బేర్లలో ఒకరు. పేరుమోసిన మదుపరి రాకేశ్ ఝున్‌ఝున్‌వాలా గురుస్థానంలో చూసిన వ్యక్తి. ఎప్పుడూ తెల్లచొక్కా, తెల్ల ప్యాంటు. పత్రికలవాళ్లకు దొరకడు. 2000 ప్రాంతంలో మార్కెట్ నుంచి దృష్టి మళ్లించి, 2002లో ముంబయిలోని పొవాయ్‌లో మొదటి డీమార్ట్ తెరిచాడు.

షేర్లు కొనేవాడిగా తాను వేరేవాళ్ల కంపెనీల్లో ఏ లోపాలు వెతికేవాడో, అవి తన కొట్టులో లేకుండా చూసుకున్నాడనిపిస్తుంది. అద్దె భవనాల జోలికి పెద్దగా పోలేదు. వీలైనచోట స్థలం కొన్నాడు, కాకుంటే దీర్ఘకాలపు లీజు. మాల్ లోపల కాదు, జనం కాపురాలుండే చోట. ఏసీ ఉంటుంది, ఆర్భాటం ఉండదు. సరుకు పంపిన కంపెనీకి వారం పది రోజుల్లో డబ్బు ముడుతుంది. మిగతా గొలుసు దుకాణాలు నెల, నెలన్నర తిప్పుతుంటే పది రోజుల్లో చెక్కు ఇచ్చేవాడికి కంపెనీలు రేటులో ఎంతో కొంత తగ్గిస్తాయి. ఆ తగ్గింపు కొనుగోలుదారుడి బిల్లులో ఎంఆర్‌పీ కంటే తక్కువగా కనిపిస్తుంది. చవకగా దొరుకుతుంది కాబట్టి జనం వస్తారు, సరుకు త్వరగా కరిగిపోతుంది, మళ్లీ పది రోజుల్లో చెక్కు. ఇందులో మాయ ఏమీ లేదు, ఓపికే ఉంది. 2002లో మొదలుపెట్టి, ఐపీఓకు వచ్చిన 2017 మార్చి ఆఖరుకు దుకాణాలు 131. పదిహేనేళ్లకు 131!

ఈ నిదానం విలువ తెలియాలంటే పరుగెత్తినవాళ్లను చూడాలి. చెన్నైలో 1997లో పుట్టిన సుభిక్ష మన నగరాల్లోనూ సందుసందునా వెలిసింది గుర్తుందా? 2008 నాటికి దేశమంతటా 1,600 దాకా దుకాణాలు. అజీం ప్రేమ్‌జీ పెట్టుబడి సంస్థ కూడా అందులో వాటా కొంది. అమ్మకాలకు లోటు లేదు, చేతిలో రొక్కమే లేదు. 2008 చివర్లో అప్పు పుట్టడం ఆగిపోగానే సరుకు ఆగింది, జీతాలు ఆగాయి, 2009 మొదట్లో షట్టర్లు దిగిపోయాయి. నెలల తేడాతో అంతా అయిపోయింది.

బిగ్ బజార్ పతనం అంత త్వరగా జరగలేదు. 2001లో కోల్‌కతాతో మొదలై వారాల వ్యవధిలో హైదరాబాద్, బెంగళూరుల్లో తెరుచుకున్న ఆ కొట్టు, సగటు భారతీయుడికి సూపర్‌మార్కెట్ అంటే ఏమిటో నేర్పింది. దాని అధిపతి కిశోర్ బియానీ 2006 రిపబ్లిక్ డే నాడు మొదలుపెట్టిన చవక పండగకు జనం విరగబడితే కొన్నిచోట్ల పోలీసులు రావాల్సి వచ్చింది. మన హెరిటేజ్ ఫ్రెష్ దుకాణాలు కూడా 2016లో ఆ గూటికే చేరాయి. అప్పులు, అద్దెలు పెరుగుతూ పోయాయి. కొవిడ్ వచ్చి కొట్టు మూయించింది గానీ వడ్డీని, అద్దెను మూయించలేదు. 2022 ఫిబ్రవరిలో బకాయిపడ్డ అద్దెల పేరిట రిలయన్స్ ఆ దుకాణాలను ఒక్కొక్కటే స్వాధీనం చేసుకుంది. ఏడాది తిరక్కుండానే బిగ్ బజార్‌ను నడిపిన ఫ్యూచర్ రిటైల్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

మూడు కంపెనీలూ ఏదో ఒక రోజున ‘అమ్మకాలు అదిరిపోయాయి’ అని చెప్పుకున్నవే. అంకె ఒకటే, దాని వెనక ఎవరి డబ్బు తిరుగుతోందన్నదే తేడా. కొట్టు సరుకుదారుల అప్పు మీద నడుస్తోందా, బ్యాంకు అప్పు మీదా, సొంత రొక్కం మీదా? బ్యాలెన్స్ షీటు అనగానే మనవాళ్లు ఆవలిస్తారు గానీ, గడ్డుకాలంలో బతికేదెవరో రాసి ఉండేది అక్కడే.

దమానీకి తెలుగువాళ్లతో అనుబంధం కూడా తక్కువేం కాదు. మహారాష్ట్ర, గుజరాత్‌లతో పాటు డీమార్ట్ బాగా వేళ్లూనుకున్న ప్రాంతం తెలంగాణ, ఆంధ్రప్రదేశే. మన ఊళ్లలో ఆ ఆకుపచ్చ బోర్డు పడితే చుట్టుపక్కల స్థలాల రేట్లు పెరుగుతాయని రియల్ ఎస్టేట్ బ్రోషర్లలో ‘డీమార్ట్‌కు దగ్గర’ అని వేసుకోవడం మొదలైంది. ఆదివారం సాయంత్రం పార్కింగ్ కోసం తిరిగినవాళ్లెవరికీ ఈ కంపెనీ అమ్మకాల గురించి వేరే రుజువు అక్కర్లేదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. పార్కింగ్ చూసి షేరు కొన్నవాళ్లు చాలామందే ఉన్నారు.

పప్పు పోయింది, ప్లాస్టిక్ డబ్బా మిగిలింది

2019-20ని తీసుకుందాం. కొవిడ్‌కు ముందే దేశం నీరసపడ్డ ఏడాది. ఐదు రూపాయల బిస్కట్ ప్యాకెట్ కూడా కదలడం లేదనీ, ఇలాగే ఉంటే పదివేల దాకా ఉద్యోగాలు పోవచ్చనీ ఆగస్టులో పార్లే సంస్థ హెచ్చరించింది. అదే ఏడాది డీమార్ట్ అమ్మకాలు దాదాపు 19,900 కోట్ల నుంచి 24,700 కోట్లకు చేరాయి. ఇంచుమించు 24 శాతం పెరుగుదల. ‘మందగమనం ఎక్కడ?’ అని చప్పట్లు కొట్టినవాళ్లున్నారు.

ఆ ఏడాది దుకాణాలు 176 నుంచి 214కి పెరిగాయి. కొత్త కొట్టు తెరిస్తే కొత్త అమ్మకం వస్తుంది, అది ఎవరైనా తేగలరు. అందుకే తెలిసినవాళ్లు పాత కొట్ల సంగతి అడుగుతారు. కనీసం రెండేళ్లుగా నడుస్తున్న దుకాణాల్లోనే అమ్మకం ఎంత పెరిగిందన్నది డీమార్ట్ విడిగా చెబుతుంది. 2018-19లో అది 17.8 శాతం. 2019-20లో 10.9. అంటే 24 శాతం పెరిగిందని పైన రాసి ఉన్న కాగితంలోనే, జోరు బాగా తగ్గిందన్న మాట కింద రాసి ఉంది. పైవరస చదివినవాడికి ఒక కథ, కిందివరస చదివినవాడికి ఇంకో కథ.

ఇంకా కిందికెళ్తే మరో వరస ఉంటుంది. నా ఉద్దేశంలో మొత్తం కాగితంలో చదవాల్సిందంటూ ఉంటే ఇదే: ఏ సరుకు ఎంత అమ్ముడైంది? డీమార్ట్‌లో సగానికి పైగా అమ్మకం తిండి సరుకులదే. పప్పులు, నూనెలు, బియ్యం, బిస్కట్లు. వీటి మీద మిగిలేది నామమాత్రం. అసలు లాభం బట్టల మీద, బకెట్ల మీద, స్టీలు గిన్నెల మీద, దుప్పట్ల మీద వస్తుంది. పప్పుకోసం వచ్చినవాడు వెళ్తూ వెళ్తూ పిల్లాడికి నిక్కరు, వంటింటికి నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు ట్రాలీలో వేసుకుంటేనే యజమాని ముఖంలో నవ్వు. కొవిడ్‌కు ముందు మొత్తం అమ్మకంలో ఈ రెండో రకం సరుకు వాటా 27 శాతం. కొవిడ్ తర్వాత అది 23 శాతం దగ్గరే చతికిలబడింది.

ఇల్లాళ్లకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. జీతం సరిపోనప్పుడు బియ్యం మానరు, దుప్పటి వచ్చే పండక్కి వాయిదా వేస్తారు. డబ్బాకు మూత విరిగితే రబ్బరు బ్యాండు వేస్తారు. ట్రాలీ నిండుగానే ఉంటుంది, బిల్లు అంకె కూడా పెద్దగానే ఉంటుంది. అందులో కొట్టువాడికి మిగిలేది మాత్రం తగ్గుతుంది. డీమార్ట్ నూరు రూపాయలు అమ్మితే చివరికి నికరంగా చేతికొచ్చేది ఐదు రూపాయలకు అటూ ఇటూ. ఆ ఐదులోంచి అర్ధరూపాయి జారినా లాభంలో పదో వంతు పోయినట్టే.

‘నేను చెప్పేది కొట్టు గురించి కాదురా’

షేర్ల మీద పిచ్చి ఉన్న ప్రతి తెలుగింట్లోనూ ఏదో ఒక పూట ఇలాంటి మాటలు నడిచే ఉంటాయి.

‘‘బాబాయ్, డీమార్ట్ ఐపీఓ మనకు అలాట్ కాలేదని నాకిప్పటికీ కడుపుమంటే. 299కి ఇచ్చారు, మొదటి రోజే ఆరొందలు దాటింది.’’

‘‘ఐపీఓ సంగతి వదిలెయ్. 2021లో కొన్నావు చూడు, అదీ సంగతి. ఎంతకు కొన్నావ్?’’

‘‘ఐదువేల ఆరొందలకి. కంపెనీ బ్రహ్మాండంగా ఉంది బాబాయ్. మొన్న కూడా వెళ్లాం, బిల్లింగ్ దగ్గర అరగంట.’’

‘‘నేను చెప్పేది కొట్టు గురించి కాదురా. నువ్వు పెట్టిన ధర గురించి. ఏడాదికి లక్ష అద్దె వచ్చే ఇల్లు మూడు కోట్లకు కొంటావా? ఇల్లు ఎంత మంచిదైనా సరే?’’

బాబాయ్ లెక్కలో అతిశయోక్తి లేదు. 2021 అక్టోబరులో డీమార్ట్ షేరు 5,900 దాకా వెళ్లింది. ఆ ధరకు కంపెనీ మొత్తం విలువ మూడు లక్షల ఎనభై వేల కోట్లకు చేరింది. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో అది సంపాదించిన లాభం 1,099 కోట్లు. మూడు వందల రెట్లకు పైమాటే. ఆ తర్వాత ఏమైంది? కంపెనీ చెడిందా? లేదు. 2020-21లో 24,143 కోట్లున్న అమ్మకాలు 2024-25 నాటికి 59,358 కోట్లయ్యాయి. లాభం 2,707 కోట్లకు చేరింది. అమ్మకం, లాభం రెండూ ఇంచుమించు రెండున్నర రెట్లయ్యాయి. దుకాణాలు 234 నుంచి 415 అయ్యాయి. షేరు మాత్రం 2025 మార్చి ఆఖరుకు నాలుగు వేల దరిదాపుల్లో ఉంది.

కంపెనీని తప్పుబట్టడానికేమీ లేదు. దమానీ ఎవరినీ 5,900కి కొనమని చెప్పలేదు. 299కి దక్కించుకున్నవాడికి అదే నాలుగు వేలు ఎనిమిదేళ్లలో పదమూడు రెట్లు. ఒకే కొట్టు, ఒకే గల్లాపెట్టె, ఇద్దరు మదుపరులు.

ఈ సంబరం, నిరాశ ఎంత వేగంగా తారుమారవుతాయో చూడాలంటే 2024 అక్టోబరు నుంచి 2025 జనవరి దాకా మూడు నెలలు చాలు. అక్టోబరు రెండో వారాంతంలో ఫలితాలు వచ్చాయి. అమ్మకాలు 14 శాతం పెరిగాయి. పాత దుకాణాల్లో పెరుగుదల 5.5 శాతమే. పెద్ద నగరాల్లో బాగా రద్దీగా ఉండే దుకాణాల మీద ఆన్‌లైన్ కిరాణా ప్రభావం కనిపిస్తోందని సీఈఓ నెవిల్ నోరోన్హా దాచకుండా చెప్పారు. సోమవారం షేరు ఎనిమిది శాతానికి పైగా పడింది. అదే వారంలో ట్రెంట్ ఆల్‌టైమ్ గరిష్ఠానికి చేరడం మార్కెట్ మార్కు చమత్కారం. జనవరి మొదట్లో డీమార్ట్ మూడో త్రైమాసికం అమ్మకాలు 17 శాతానికి పైగా పెరిగాయన్న కబురు వచ్చింది, ఒక్కరోజులో షేరు పది శాతానికి పైగా ఎగిరింది. పది రోజుల తర్వాత పూర్తి ఫలితాల్లో లాభం అంకె చూశాక మళ్లీ జారింది. ఈ మధ్యలో డీమార్ట్‌కు వెళ్లే ఏ గృహస్థుడైనా ఇల్లు గడిపే తీరు మార్చుకున్నాడా?

నిమిషాల్లో గుమ్మం ముందుకు పాలప్యాకెట్ తెచ్చే బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్‌ల గురించి ఇక్కడ వివరంగా చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఎక్కినా వాళ్ల సంచీ ఒకటి తోడొస్తుంది. అవి డీమార్ట్‌ను మింగేస్తాయన్న జోస్యం నేను నమ్మను. నెలసరి సరుకుల పెద్ద జాబితాకు, మర్చిపోయిన కొత్తిమీర కట్టకు దారులు వేరు. కానీ లాభానికి 340 రెట్ల ధర కట్టినవాడికి ఆ కొత్తిమీర కట్ట కూడా కావాలి. అక్కడే తగువు.

నెలాఖరు వారం

చవక దుకాణానికి చెడ్డకాలమే మంచికాలమన్న మాటకు ఒక గట్టు ఉంది. దాని ఆనవాళ్లు అమెరికా కంపెనీల పెద్దలు మదుపరులతో పంచుకున్న మాటల్లోనే దొరుకుతాయి.

2010 సెప్టెంబరులో గోల్డ్‌మన్ శాక్స్ నిర్వహించిన ఒక మదుపరుల సదస్సులో వాల్‌మార్ట్ అమెరికా విభాగం అధిపతి బిల్ సైమన్ ఒక దృశ్యం వర్ణించారు. నెలాఖరు రాత్రి పదకొండు గంటలప్పుడు జనం దుకాణానికి వస్తారు. పసిపిల్లల పాలపొడి, పాలు, రొట్టె, గుడ్లు ట్రాలీలో పెట్టుకుని ఆ నడవల్లోనే తచ్చాడుతుంటారు. పన్నెండు కొట్టగానే ప్రభుత్వ సాయం వాళ్ల కార్డుల్లో పడుతుంది. అప్పుడు బిల్లింగ్ కౌంటర్ల దగ్గర వరస కడతారు. అర్ధరాత్రి పాలపొడి కోసం వచ్చారంటే అది అంతగా అవసరం కాబట్టే అన్నది ఆయన మాటల సారం. సూటు వేసుకున్న ఫండ్ మేనేజర్లు ఆ మాట రాసుకున్నారు. అమ్మకాల అంకెలో అదీ అమ్మకమే మరి. ఎక్సెల్ షీటులో అర్ధరాత్రి పాలపొడికి, పట్టపగలు కొన్న టీవీకి వేర్వేరు రంగులుండవు.

ఇక డాలర్ జనరల్. అమెరికా పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఇరవై వేలకు పైగా దుకాణాలున్న కంపెనీ. వాల్‌మార్ట్ కూడా దూరమైనవాళ్లకు దిక్కు. 2008 మాంద్యంలోనూ, 2020 కొవిడ్‌లోనూ గట్టిగా ఎదిగింది. గడ్డుకాలపు షేరు అంటే ఇదేనని పుస్తకాల్లో రాసుకునే స్థాయికి వెళ్లింది. 2024 ఆగస్టు 29న ఒక్కరోజులో ఆ షేరు 32 శాతం కుప్పకూలింది. తమ అమ్మకాల్లో దాదాపు 60 శాతం ఏడాదికి 35,000 డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబాల నుంచే వస్తుందనీ, వాళ్ల చేతిలో డబ్బాడటం లేదనీ సీఈఓ టాడ్ వాసోస్ విశ్లేషకులకు చెప్పారు. ఆ త్రైమాసికంలో ప్రతి నెలా చివరి వారమే అన్నిటికంటే బలహీనంగా గడిచిందట.

ఒకటో తారీఖు ఉద్యోగం తెలిసిన ఏ తెలుగు పాఠకుడికీ ఈ ‘నెలాఖరు వారం’ అర్థం చెప్పనక్కర్లేదు. పై మెట్టు నుంచి దిగేవాళ్లు దిగుతూనే ఉంటారు, నిజమే. అట్టడుగు మెట్టు మీద ఉన్నవాడు దిగడానికి ఇంకో మెట్టు లేదు. వాడు చవక కొట్టులోనే తక్కువ కొంటాడు, లేదా రానే రాడు. కష్టం కొంచెంగా ఉన్నప్పుడు చవక దుకాణం నిండుతుంది, కష్టం ముదిరితే అదీ పలచబడుతుంది. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో ఏ కంపెనీ ముందుగా చెప్పలేదు.

మన దగ్గర ఆ గీత అవతల ఉన్నది వీధి కిరాణా. డీమార్ట్‌లో ఎంఆర్‌పీ మీద ఆరేడు రూపాయలు తగ్గుతాయి గానీ ఇరవై ఐదో తారీఖున ‘రాసుకో అన్నా, ఒకటినిస్తా’ అంటే రాసుకునేవాడు అక్కడ ఉండడు. శెట్టిగారి ఖాతా పుస్తకంలో ఉండే ఆ అరువు ఏ త్రైమాసిక నివేదికలోనూ కనబడదు. దేశంలో కిరాణా వ్యాపారంలో ఇప్పటికీ సింహభాగం ఆయన చేతిలోనే ఉంది. గొలుసు దుకాణాల అమ్మకాలు చూసి దేశం జేబు బరువు తూచేవాళ్లు ఈ ముక్క మరచిపోతుంటారు. డీమార్ట్ ముందు ట్రాలీ తోసేవాడి చేతిలో నెల మొత్తానికి సరిపడా సరుకు ఒకేసారి కొనగల రొక్కం ఉంది. మన సమాజంలో అదీ ఒక హోదాయే.

ధర తగ్గితే దండగా?

2025లో గాలి ఎదురు దిక్కుకు తిరిగింది. 2024 అక్టోబరులో 10.87 శాతం పెరిగిన తిండి సరుకుల ధరలు, సరిగ్గా ఏడాది తర్వాత 2025 అక్టోబరులో ఐదు శాతం తగ్గాయి. మొత్తం చిల్లర ద్రవ్యోల్బణం పావు శాతానికి దిగింది. పప్పులు, కూరగాయలు రెండంకెల శాతంలో చవకయ్యాయి. వంటింటికి ఇంతకంటే మంచి వార్త ఉండదు. సగానికి పైగా తిండి సరుకులే అమ్మే కొట్టుకు మాత్రం ఇది తిరకాసు. నిరుడు అమ్మినన్ని కిలోల కందిపప్పే ఈసారీ అమ్మితే రూపాయల్లో అమ్మకం తగ్గినట్టు కనబడుతుంది. పది శాతం ఎక్కువ కిలోలు అమ్మినా అంకె కదలకపోవచ్చు. 2024లో ధరలు మండుతున్నప్పుడు పాత దుకాణాల అమ్మకం ఐదున్నర శాతమే పెరిగిందంటే, అందులో కిలోలు ఎన్ని, ధర ఎంత? ఆ ప్రశ్న అప్పుడు అడిగినవాళ్లు తక్కువ. ఈసారి అంకె చిన్నదైతే ‘గిరాకీ పోయింది’ అని కేకలు వేసేవాళ్లు ఎక్కువే ఉంటారు.

రెండు దశాబ్దాలు కంపెనీని నడిపించిన నోరోన్హా నుంచి 2026 ఫిబ్రవరి 1న పగ్గాలు యూనిలీవర్ నుంచి వచ్చిన అన్షుల్ అసావాకు మారేలా ఏడాది ముందే నిర్ణయమైపోయింది. కొత్త సీఈఓ మదుపరులకు వివరించాల్సింది అమ్మకాలు ఎంత పెరిగాయన్నది కాకపోవచ్చు. కిలో పప్పు మీద మిగిలిన పాతిక ముప్పై రూపాయలతో ఆ ఇల్లాలు దుప్పటి కొందా, లేక జెప్టోలో కొత్తిమీర తెప్పించుకుందా అన్నది కావచ్చు.